పిల్లమ్మ డాక్టరుకు చెప్పిన మాట
దేవనహళ్ళి దగ్గర రెండెకరాల ద్రాక్షతోట రామాంజినప్పది. అరవై నాలుగేళ్ల మనిషి. పందిరి కింద నిలబడి, చేతులు పైకెత్తి తీగలు కత్తిరించడంలో ఆ చుట్టుపక్కల ఆయనకు సాటి లేరని పేరు. అలాంటి మనిషి రెండేళ్లుగా పందిరి కింద పది నిమిషాలు నిలబడలేకపోతున్నాడు. నిటారుగా నిలుచుంటే చాలు, పిరుదుల నుంచి పిక్కల దాకా మంట పాకేది. వంగి కూర్చుంటే తగ్గేది. సైకిలెక్కితే సంత దాకా హాయిగా పోయేవాడు గానీ, దిగి వంద అడుగులు నడవాలంటే రెండుచోట్ల కూలబడేవాడు.

వెన్నెముకలో నరాలు పోయే దారి ఇరుకైందని స్కానింగ్ తీసి చెప్పారు. మందులు, వ్యాయామాలు అయ్యాయి. నడుములో వేసిన ఇంజెక్షన్ మూడు నెలలు పనిచేసింది. ఇక ఆపరేషన్ సంగతి ఆలోచించమన్నారు. కానీ "వెన్ను మీద కత్తి పెడితే మంచాన పడేదే" అని ఊళ్లో బైరప్ప అన్న మాట రామాంజినప్పను పట్టుకుని వదల్లేదు.

వైట్‌ఫీల్డ్‌లో ఉద్యోగం చేసే కూతురు చైత్ర పట్టుబట్టి, గురుమూర్తి అనే మరో డాక్టరు దగ్గరికి తల్లినీ తండ్రినీ పంపింది.

"ఇప్పుడెట్లుంది పెద్దాయనా?" అని అడిగాడు డాక్టరు.

"పర్వాలేదు సార్. సైకిల్ తొక్కతానే ఉండాను. ఓర్చుకుంటా."

పిల్లమ్మ కాసేపు మొగుడి మొహం చూసి నెమ్మదిగా అంది. "ఈయప్ప చెప్పడు సార్. నెల నుంచి ఎడంకాలి చెప్పు ఊడిపోతా ఉండాది. ఊడింది కూడా తెలీకుండా పోతా ఉంటాడు. నేను ఎనకాల వస్తా తీసిస్తాండా. కొత్త చెప్పులు కొన్నా అంతే."

డాక్టరు ఆయన్ని పడుకోబెట్టి రెండు పాదాలూ పైకి లేపమన్నాడు. కుడిపాదం లేచింది. ఎడమది సగంలోనే ఆగింది.

"నొప్పి ఒక్కటే అయితే తొందర లేదనేవాణ్ణి. కాలు బలం తగ్గుతా ఉంది. ఆలస్యమైతే పోయిన బలం రాకపోవచ్చు. ఆపరేషన్ చేసినా అంతా తిరిగొస్తుందని మాటివ్వలేను."

"మంచాన పడతానా సార్?"

"జరగనే జరగదని చెప్పను. చాలా అరుదు. ఆలోచించుకుని రండి."

బయట బెంచీ మీద ఇద్దరూ చాలాసేపు కూర్చున్నారు. "నువ్వేమంటావు మే?" అన్నాడాయన.

"నీ ఒళ్లు, నువ్వే చెప్పల్ల. చెప్పు తీసిచ్చేది నాకు కష్టం గాదు. ఏ గట్టు మీదో పడిపోతావని భయం."

ఆయన లేచాడు. గోడ పట్టుకుని తానే లోపలికి నడిచి, ఏ రోజు రమ్మంటారో అడిగాడు.

ఆపరేషనైన రెండోరోజు వరండాలో ఆ చివరి నుంచి ఈ చివరికి నడిపించారు. పిక్కల్లో మంట కోసం ఎదురుచూశాడు. రాలేదు. కిటికీ దగ్గర ఆగి కళ్లు తుడుచుకున్నాడు.

ఎడమకాలి బొటనవేలు ఇప్పటికీ పూర్తిగా లేవదు. తోటపని గంట చేస్తే గంట కూర్చోవాలి. అయినా ఆయనకు లోటనిపించదు. తనలాంటి నొప్పితో ఎవరైనా వచ్చి అడిగితే, "ఆపరేషన్ సంగతి నీది నువ్వు చూసుకోవల్లప్పా. డాక్టరు దగ్గరికి మాత్రం ఒక్కడివే పోవద్దు" అంటాడు.

ఆపరేషనయ్యాక ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన రోజే కారులో పిల్లమ్మతో అన్నాడు, "ఆ పొద్దు నువ్వు చెప్పకుంటే నేను చెప్పేవాణ్ణి కాదు మే."

"తెలుసులే," అని ఆమె ఆయన నడుము వెనక దిండు సర్దింది.