రమాబాయి ఆబ

ఆబ అంటే అత్యాశ అని చెప్పి నిఘంటువులు చేతులు దులుపుకుంటాయి. ఆదోనిలో ఆ మాటకు సరైన అర్థం రమాబాయి చెప్పేది, ఎవరూ అడగకపోయినా. ఆకలి తింటే తీరుతుంది, ఆబ తింటే ముదురుతుంది. తన విస్తట్లో లడ్డు పెట్టుకుని పక్క విస్తరి చూసేవాడిది ఆబ. ఆమె మరిదితో సహా బంధువర్గమంతా ఏదో ఒక పూట ఈ మాట పడ్డవాళ్లే.

పుట్టిల్లు ఎమ్మిగనూరు, మెట్టినిల్లు ఆదోని, వృత్తి మడివంట. అందులో శనగపప్పు, బెల్లం, నెయ్యి కలిపి చేసే హయగ్రీవ ఆమె సొంత సామ్రాజ్యం. నైవేద్యం కాకముందు వంటవాళ్లు రుచి చూడకూడదు గనుక తీర్పు చెప్పేది పంక్తిలో కూర్చున్నవాళ్లే. వాళ్లు నోటితో మెచ్చుకోరు, మారు అడుగుతారు. ఎవరి హయగ్రీవకు మారు ఎక్కువైతే మఠంలో ఆరాధననాటి హయగ్రీవ వాళ్లది. ఏళ్లుగా అది రమాబాయిదే.

ఈ ఏడు కౌతాళం పిల్ల శ్రీరక్ష ఆదోనికి కాపురానికి వచ్చింది. ఎక్కడో ఉపనయనంలో ఆ పిల్ల చేసిన హయగ్రీవ గిన్నె ఊడ్చి తిన్నారని కబురొచ్చింది. రమాబాయికి ఆ పూట అన్నం సయించలేదు. ఎమ్మిగనూరులో పినతండ్రి కొడుకు ఇంట వ్రతానికి వంట శ్రీరక్షదే అని తెలిసి, తప్పు పట్టే పవిత్ర సంకల్పంతో బస్సెక్కింది. మొదటి పంక్తిలో కూర్చుంది. ఎదురు వరసలో మఠం పెత్తనం చూసే ప్రాణేశాచార్యులు.

లవంగం ఎక్కువైందని మొదటి ముద్దకే తేల్చింది. నిర్ధారణ కోసం ఇంకొంచెం వేయించుకుంది. లవంగం కాదు, పప్పు పలుకు. దానికీ రుజువు కావాలి కదా. మళ్లీ విస్తరి చూపించేసరికి శ్రీరక్షే గిన్నె పట్టుకుని వచ్చింది.

"ఇంకొంచెమా, అత్తా?"

"ఎయ్యి. నువ్వు చేసిన తప్పేందో ఇంకా దొరకలేదు."

పంక్తి తినడం ఆపి చూసింది. చేతులు కడుక్కుంటూనే ఆచార్యులు ఆరాధన హయగ్రీవ శ్రీరక్షకు అప్పగించినాడు.

"నేను పరీక్ష చేస్తాంటి, ఆచార్రే," అంది రమాబాయి.

"మీరే మారు అడిగినాక ఇంక పరీక్ష ఏముందమ్మా?"

ఆరాధననాడు ఆమెకు చారు వంట ఇచ్చినారు. చేసి దించింది. తర్వాత, ఎవరూ చెప్పకుండానే, శ్రీరక్ష చేసిన హయగ్రీవ గిన్నెను రమాబాయే అందుకుని వడ్డనకు దిగింది. ఆమె పెద్దమనసుకు ఆచార్యులు కళ్లు తుడుచుకున్నాడు. మొదటి వడ్డనలోనే ఒక్కొక్కరికీ విస్తరి సగం నిండేదాకా కుమ్మరించుకుంటూ పోయింది. ఆ పంక్తిలో మారు అడిగే శక్తి ఎవరికీ మిగల్లేదు.