నల్లపొడి మిగిలినచోట

పాపకు ఏడో నెల రాగానే గల్ఫ్‌లో, కల్బాలోని గ్యారేజీలో మళ్ళీ పనికి వెళ్ళాను. అంతకుముందు నేను కూర్చున్న ఆఫీసు బల్ల దగ్గర అప్పటికే మరొకరున్నారు. కెమిస్ట్రీ చదివాను, రంగుల పనిలో పెట్టండని మేనేజర్‌ని, అదే ముదీర్‌ని, అడిగాను. ఆయన ఒక పాత జీపు బానెట్ చూపించి, "యే అచ్ఛా బనా తో రహో, నహీఁ తో ఖలాస్" అన్నాడు. బాగా కుదిరితే ఉంటాను, లేదంటే ఉద్యోగం పోయినట్టే.

నేర్పే పని జగిత్యాల వైపు నుంచి వచ్చిన పెయింటర్ అన్న మీద పడింది. తుప్పు గీకిన రేకు మీద, రంగుకు ముందు ఏ ప్రైమర్ వేయాలో ఆయన మొదట నన్నే చెప్పమన్నాడు. త్వరగా ఆరే యాసిడ్ రకం ఒకటి, నెమ్మదిగా ఆరినా తేమను ఆపే ఎపాక్సీ ఒకటి ఉన్నాయి. సముద్రం రెండు వీధుల అవతలే. ఎపాక్సీ అన్నాను.

"సదువు అక్కరకొచ్చింది చెల్లె" అని నవ్వాడు.

ఎపాక్సీ కొట్టి, ఆరాక దానిమీద గుంటలు నింపే మందపాటి ఫిల్లర్ ప్రైమర్ కొట్టాడు. మర్నాడు నల్లపొడి పూసి గరుకు కాగితం చేతికిచ్చాడు. రుద్దుతుంటే మిట్టల మీద నలుపు పోతుంది, గుంటల్లో మిగులుతుంది.

మామూలుగా అరగంటకోసారి, పాపను చూసుకునే పక్కింటి అక్కకు ఫోన్ చేసేదాన్ని. ఆవిడది భీమవరం. పాలు తాగిందా, ఒళ్ళు వెచ్చబడిందా అని ఒకటే ప్రశ్నలు. ఆ రోజు మాత్రం శనగగింజంత నల్లచుక్క నన్ను పట్టుకుంది. ఎంతకీ పోదు. వేలు పెట్టి దాన్నే రుద్దాను. చుక్క పోలేదు, దాని పక్కన ప్రైమరంతా అరిగి రేకు మెరిసింది.

ఉద్యోగం పోయిందనుకున్నాను. దాచేద్దామనీ అనిపించింది. చివరికి వెళ్ళి చెప్పాను.

"ఒక్క చుక్కే కదా అని రుద్దేశానండీ, అన్నయ్యా."

ఆయన బొటనవేలితో తడిమి చూశాడు. "గుంత మీద గింత కోపమెందుకు? గుంతను రుద్దరు, నింపుతరు. పా, ఇయ్యాలనే కప్పాలె. ఉప్పుగాలి, రేపటికి తుప్పు పడ్తది."

అయిదింటికి పనివాళ్ళను క్యాంపుకు తీసుకెళ్ళే బస్సు వచ్చింది. డ్రైవర్ "యల్లా" అని తొందరపెడితే ఆయన చెయ్యి ఊపి పంపేశాడు. మెరిసిన చోట ఎపాక్సీ కొట్టి, ఆరేదాకా కూర్చుని, చుక్కతో కలిపి మళ్ళీ ఫిల్లర్ కొట్టాడు. ఏడయింది. అప్పుడు ఫోన్ చూస్తే అక్క మూడుసార్లు చేసింది. వెంటనే తిరిగి చేశాను.

"పాపకేమైందక్కా?"

"పాపకేం, శుభ్రంగా తిని ఆడుకుంటోంది. నీ ఫోన్ రాక నాకే బెంగొచ్చిందే."

మర్నాడు ఆ చోటు నేనే రుద్దాను, మెల్లగా. ముదీర్ బానెట్ మీద అరచెయ్యి పెట్టి ఒక కొస నుంచి మరో కొసకు జరిపాడు. ఎక్కడా ఆగలేదు. ఒక కారు తలుపు చూపించి వెళ్ళిపోయాడు. అంటే ఉండమని.

ముందు రోజు రాత్రి అన్న క్యాంపు చేరేసరికి అక్కడ కూర అయిపోయిందట. ఆ మాట ఆయన చెప్పలేదు, డ్రైవర్ చెప్పాడు. అప్పటినుంచి నా డబ్బాలో గోంగూర ఇద్దరికి సరిపడా పెడుతున్నాను. అక్కకు ఫోన్ మానలేదు కానీ, ఇప్పుడు గంటకోసారే.