పసుపు వేలిముద్ర

ఆ రోజుల్లో ఆర్మూరులో ఇల్లు కట్టించే వారికి ఆర్కిటెక్టు అంటే నక్షా గీసి ఇచ్చి వెళ్లిపోయే మనిషి. పునాది మొదలు గృహప్రవేశం దాకా ప్రతి దశలోనూ వచ్చి చూడడం మా బాధ్యత అని ఎంత చెప్పినా, "ఇంజనీర్ సాబ్, మీరెందుకు ఎండకు తిరుగుతరు?" అని నవ్వేవారు. (నేను ఇంజనీరును కానని రాతపూర్వకంగా తెలియజేసినా ఫలితం లేకపోయింది.) ఆ ఉక్రోషంతోనే ఒక రిజిస్టరు పెట్టాను. మొదటి రోజే యజమానిని కూర్చోబెట్టి, పూజగది ఎటు, పడక ఎటు, పచ్చడి జాడీలు ఎక్కడ అని అడిగి, జవాబులు రాసుకుని, పని ముగిశాక వాటి కింద సంతకం తీసుకునేవాణ్ణి. నేను అడగని ప్రశ్న లేదని నా గర్వం.

నందిపేట్ వైపు పసుపు పండించే ఒక పటేల్, నడుము విరిగి మంచం పట్టిన తల్లిని దవాఖానకు దగ్గరగా ఉంచాలని మా ఊళ్లో ఇల్లు మొదలుపెట్టాడు. ఆమెకు కింద గది, దాని పైన అతిథుల గది గీశాను. పని ముగిశాక, చివరి తనిఖీ నాడు రిజిస్టరు ముందు పెడితే, "ఇల్లు నాది. సంతకం నేనెందుకు పెడుత సార్?" అన్నాడు. పెట్టేదాకా మీ గడప తొక్కనని వచ్చేశాను. రెండు నెలలు ఆ మాట నిలబెట్టుకున్నాను కూడా.

పసుపును ఉడికించి, ఎండబెట్టి, ధర వచ్చేదాకా ఇంట్లోనే దాచుకోవడం మా ప్రాంతపు అలవాటు. ఆ పసుపు వాసనలోనే పెరిగిన నాకు ఆ ఒక్క ప్రశ్న తట్టలేదు. వేసవిలో పటేల్ భార్య ఆఫీసుకు వచ్చి, "కప్పు పలిగింది సార్. అత్తమ్మ మంచం కదుపాల్నా వద్దా, మీరు చూసి చెప్పాలంటున్నడు" అంది. నేను మొట్టమొదట రిజిస్టరు చంకన పెట్టుకున్నాను.

అతిథుల గది నిండా, నిలువునా, పసుపు బస్తాలు. కింద గది స్లాబు కడుపులా కిందికి దిగి, ముసలమ్మ మంచం మీద సున్నమూ పసుపు పొడీ రాలుతున్నాయి. నేను గుమ్మంలో నిలబడి, పై గది మనుషులు ఉండడానికి మాత్రమేనని రాసిన పేజీని పటేల్‌కు చదివి వినిపించసాగాను. రెండో పేరా సగంలో ఉండగా ముసలమ్మ అందుకుంది.

"మంచిగనే రాసినవ్ బిడ్డా. సంతకమే గద నీకు కావాల్సింది, గిటు తే."

చెమట పట్టిన బొటనవేలిని దుప్పటి మీది పసుపులో అద్ది, పటేల్ సంతకానికి వదిలిన ఖాళీలో నొక్కింది.

"అయిపాయె. ఇగ నన్ను బయటికి గుంజుండ్రి."

పటేలూ నేనూ మంచాన్ని వాకిట్లోకి మోశాము. పొద్దుగూకక ముందే స్లాబు కూలింది. మంచం ఉన్న చోట బస్తాలు నిలువెత్తున పడి పగిలాయి. ఆమె ఆ గదిని మళ్లీ చూడలేదు. మరమ్మతు పూర్తి కాకముందే అద్దె ఇంట్లో కన్నుమూసింది. పటేల్ నన్ను ఒక్క మాట అనలేదు. (అని ఉంటే రాసి పెట్టుకునేవాణ్ణి.)

ఇప్పుడు నా మొదటి ప్రశ్న, పంట ఎక్కడ పెడతారని. అపార్టుమెంట్ల వారినీ అడుగుతాను. "ఏం పంట సార్, పసుపు గూడ పాకిట్లనే కొంటున్నం" అని నవ్వుతారు. నేనూ నవ్వి, ఆ జవాబు రాసుకుంటాను. వేలిముద్ర రంగు వెలిసింది గాని, గీతలు తెలుస్తూనే ఉన్నాయి. ఆ పేజీలో రెండో పేరా తరువాత ఏముందో ఇప్పటిదాకా ఎవరికీ చదివి వినిపించలేదు.