రిపోర్టులో ఉదయం ఏడు, చేన్లో చీకటి

మా చిన్నాయన పోయాడు. కంబదూరు దగ్గర చేన్లో మోటారు వేయడానికి చీకట్లో పోతుంటే పాము కరిచింది. తెల్లవారాక చిన్నమ్మ ఫోను చేసి, "మీ చిన్నాయన లేడు నాయనా" అని మాత్రం అనగలిగింది.

ఆయనకు అలారం రేడియో. మోటారు గుడిసెలో దాని స్విచ్చి ఎప్పుడూ వేసే ఉండేది. మోటారు తిరిగే త్రీఫేజు కరెంటు రాగానే ఇంటిదాకా వినిపించేలా గరగరమని అరిచేది. ఆయన టార్చి తీసుకొని లేచేవాడు. అలా తడిపిన వేరుశనగతోనే నన్ను చదివించాడు.

ఆ చదువుతో నేను చేసే ఉద్యోగం చెప్పుకోవాలంటే సిగ్గేస్తుంది. పొలాల మీటర్లు కరెంటు వచ్చిన తేదీ, గంట, నిమిషం కలిపి ఒకే వరుసగా పంపుతాయి. అందులోంచి గంటను విడదీసి రిపోర్టు చేసే సాఫ్ట్‌వేర్ మాది. మీటరు పంపేది మన టైమే. మా ఘనమైన సాఫ్ట్‌వేర్ దాన్ని లండన్ టైమనుకొని అయిదున్నర గంటలు కలుపుతుంది. రాత్రి ఒకటిన్నరకు వచ్చిన కరెంటు రిపోర్టులో ఉదయం ఏడుకు వస్తుంది.

చెబితే మేనేజరు నవ్వాడు. "పగటి కరెంటని చక్కగా కనిపిస్తాండాది కదప్పా, కెలకొద్దు." రైతులకు పగలే కరెంటు ఇచ్చినట్టు స్క్రీను మీద పచ్చరంగు కనిపిస్తే చాలు, ఆ మహానుభావుడికి కడుపు నిండుతుంది.

ఒకసారి చిన్నాయన ఆఫీసుకు వచ్చి, రిపోర్టులో తన మోటారుకు ఉదయం ఏడని ఉండటం చూసి మేనేజరు వైపు తిరిగాడు. "ఏమప్పా, ఒక రాత్రి నీ కంప్యూటరును తెచ్చి నా చేన్లో నిలబెట్టు. టార్చి నేనే ఇస్తా."

మేనేజరు ఫోన్లోంచి తల ఎత్తలేదు. బయటికొచ్చాక చిన్నాయన, "వీళ్లకు రాత్రంటే ఏందో తెలీదురా" అన్నాడు.

చిన్నాయన చనిపోయాక మేనేజరు నన్ను పలకరించిన తీరు ఇదీ: "రిపోర్టు చూసినా. కరెంటు ఏడుకే కదా వచ్చింది! రాత్రి ఆయనకు చేన్లో ఏం పని?" పై ఆఫీసుకూ అదే రాసి పంపాడు. చచ్చిపోయిన మనిషినే అబద్ధాలకోరును చేశారు. వీళ్ల ముఖం చూడాలంటేనే అసహ్యం.

నిన్న చిన్నమ్మ ఇంట్లో పడుకున్నాను. రాత్రి ఒకటిన్నరకు రేడియో అరిచింది.

"దాన్ని ఆపలేదా చిన్నమ్మా?"

"మీ చిన్నాయన వేసిన స్విచ్చి, నాకు చేతులు రాలేదు. చేను ఎండిపోతాండాది, మోటారు వేసి రా నాయనా" అంటూ టార్చి చేతికిచ్చింది.

తలుపు తీసి గడప దాటాను. రిపోర్టు ప్రకారం ఉదయం ఏడు. టార్చి వెలిగించేదాకా నా కాళ్లు నాకు కనిపించలేదు.