దూదికి లొంగని అల

స్ఫటికపు దిమ్మె నుంచి పద్నాలుగు పలకలు కోశాం. కోతలోనే ఐదు చీలాయి. సానపడుతుంటే మూడింటి అంచులు రాలిపోయాయి. ఇంకో మూడింటి మీద పూసిన లోహం పొరలుగా లేచిపోయింది. వేడిచేసి చూడబోతే రెండు పగిలాయి. మొత్తం పదమూడు. మిగిలిన ఒక్కటి ఇప్పుడు నా బల్ల సొరుగులో, దూది పరిచిన డబ్బాలో ఉంది.

ఆ దిమ్మె మాది కాదు. వేడిని కొలిచే పరికరాలు చేసే కంపెనీ ఒకటి ఇచ్చింది. ఆ రకం స్ఫటికం ఉపరితలం మీద, వాళ్లు చెప్పిన దిశలో, ధ్వని తరంగం ఎంత వేగంతో పోతుందో తేల్చాలి. లెక్కకూ కొలతకూ తేడా సెకనుకు పది మీటర్లు దాటకపోతే ఇకమీద ఆ పనంతా మాకే ఇస్తామన్నారు.

మేమంటే ఇద్దరం. బ్రూక్‌ఫీల్డ్‌లో అపార్ట్‌మెంట్ల వెనక ఒక రేకుల షెడ్డు. పలకలు కోసి సానపట్టే అతన్ని అన్నా అని పిలుస్తాను, దేవనహళ్ళి వైపు మనిషి. కళ్లద్దాల అంగడిలో గాజులు అరగదీసే ఉద్యోగాన్ని ఈ పనిని నమ్ముకునే మానేశాడు. లెక్క నాది. బట్టల మిల్లులో పద్దులు రాస్తూ, పాత పుస్తకాలు కొనుక్కుని, కంప్యూటర్ ముందు నాకు నేనే నేర్చుకున్నాను.

ఈ తరంగం స్ఫటికం లోతుకు దిగదు, పైచర్మాన్ని అంటుకునే పోతుంది. పలక రెండు చివర్లా దువ్వెన పళ్లలాంటి సన్నని లోహపు గీతలుంటాయి. ఒక దువ్వెనకు విద్యుత్తు ఇస్తే అల పుడుతుంది, రెండోది అందుకుంటుంది; అందగానే కొలిచే పరికరం తెర మీద గీత శిఖరంలా లేస్తుంది. మధ్య దూరాన్ని పట్టిన కాలంతో భాగిస్తే వేగం.

నా లెక్క సెకనుకు 2743 మీటర్లు అంది. ఆఖరి పలక మీద కొలత 2739 వచ్చింది. అన్న వెంటనే దొడ్డబళ్ళాపురంలో ఉన్న తన చెల్లెలికి ఫోన్ చేసి, ఇక అంగడి ముఖం చూడనక్కర్లేదని చెప్పాడు.

మర్నాడు పలకను సర్దబోతూ తడి దూది తీసుకున్నాడు. మా పనిలో అదొక అలవాటు. దువ్వెనల మధ్య తడి దూది ఆనిస్తే పైన పోయే అల అందులో ఇంకిపోయి, తెర మీద శిఖరం పడిపోతుంది. పడకపోతే అది పైన పోయే అల కాదన్నమాట. లోహం లేచిపోయిన పలకల్ని చూసిన భయంతో, ఉన్న ఒక్కదానికీ తడి తగలనివ్వకుండా అప్పటిదాకా ఆగాం.

దూది ఆనించాడు. శిఖరం కదల్లేదు.

"ఏమప్పా, నా దూదంటే దీనికి లెక్కే లేదే," అని నవ్వాడు.

"ఇంకొంచెం తడిపి పెట్టన్నా."

పెట్టాడు. శిఖరం అలాగే నిలబడింది. దాని వెనక ఒక చిన్న బుడిపె ఉండేది. పలక అంచుకు తగిలి తిరిగొచ్చిన ప్రతిధ్వని అనుకుని దాన్ని వదిలేశాం. దూది తగలగానే మాయమైంది అదే. దూది తీస్తే మళ్లీ వచ్చింది.

అసలు అల అది. మేం కొలిచి సంబరపడింది స్ఫటికం లోపల్నుంచి పోయే వేరే తరంగాన్ని. బుడిపె వేగం కట్టాను. 2706, నా లెక్కకు ముప్పై ఏడు తక్కువ.

అన్న స్టూలు లాక్కుని నా పక్కన కూర్చున్నాడు.

"నీ లెక్కలో జరపడానికి అయ్యేది ఏమైనా ఉండాదా?"

"ఉందన్నా. స్ఫటికం గట్టిదనం చెప్పే అంకెల్లో ఒకదాన్ని కాస్త తగ్గించొచ్చు."

"తగ్గించు మరి. సుమ్నే, ఊరికే తెర చూస్తా కూచుంటే ఎట్లప్పా?"

తగ్గించాను. ఈ దిశలో సరిపోయింది. కంపెనీవాళ్లే కొలిచి ఇచ్చిన మరో రెండు దిశల్లో లెక్క చెడింది. ఇంకో అంకె మార్చాను, ఇంకోచోట చెడింది. కోతే వంకరగా పడిందేమోనని కోణాన్ని కొద్దికొద్దిగా తిప్పి చూశాను. తేడా పూడలేదు. "వచ్చిందా?" అని అన్న రోజూ అడిగేవాడు. కొన్నాళ్లకు అడగడం మానేశాడు. అది ఇంకా కష్టంగా ఉండింది.

చివరికి లెక్కలోదీ కొలతలోదీ రెండు వేగాలూ ఉన్నవి ఉన్నట్టు కంపెనీకి రాసి పంపాను. తేడాకు కారణం చెప్పగలిగినప్పుడు రమ్మన్నారు. ఇంకో దిమ్మె మాత్రం ఇచ్చేది లేదన్నారు.

అన్న మళ్లీ కళ్లద్దాల అంగడికి పోయాడు. మొదటి రోజు పని ముగించుకుని షెడ్డుకొచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"ఆడ నా జాగాలో ఇంకొకడు కూచోనుండాడప్పా. నన్ను నిలబడే అరగదియ్యమన్నారు."

నేను స్టూలు జరిపాను. అన్న కూర్చోలేదు.

ఇప్పటికీ పొద్దున్నే ఆ లెక్క తెరుస్తాను. అన్నకు నేనింకా జవాబు చెప్పాల్సింది ఒక్కదానికే: సెకనుకు ముప్పై ఏడు మీటర్లు.