పోకచెక్క నీళ్ళు

కోళ్ళ షెడ్డు ఎప్పుడూ నిశ్శబ్దంగా ఉండదు. రెండు వేల పిల్లకోళ్ళు ఊకలో గీరుకుంటూ, ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉంటాయి. నీళ్ళ పైపుకి వరసగా దిగేసిన నిపుళ్ళను ముక్కుతో పొడిస్తే చుక్క రాలుతుంది. ఆ పొడుస్తున్న టకటక పగలంతా వినిపిస్తూనే ఉంటుంది. కాపురానికి వచ్చిన కొత్తలో ఆ చప్పుడు నా బుర్ర తినేసేది. తర్వాత అలవాటైపోయింది. అది ఆగిపోతే ఎలా ఉంటుందో ఒక రోహిణి కార్తెలో తెలిసింది. ఇప్పటికీ ఇంట్లో తిరుగుతున్న ఫ్యాను ఉన్నట్టుండి ఆగితే చేతిలో పని వదిలేసి లేస్తాను.

మా అత్తగారి హస్తవాసి మంచిదని ఊళ్ళో పేరు. వీధిలో బిడ్డ పుడితే మొదటి తేనె చుక్క ఆవిడ చేత్తోనే నాకించేవారు. చర్చి వీధి వాళ్ళు కూడా వచ్చి, "అమ్మగారూ, ఒక్కసారి రండి" అని తీసుకెళ్ళేవారు. ఆవిడకి రెండు ఇత్తడి ఉగ్గుగిన్నెలుండేవి. ఒకటి బిడ్డలకి, సొట్టపడ్డది కోళ్ళకి. ఎందుకంటే తూలిపోయే కోడినీ, మేత ముట్టని కోడినీ కూడా ఊరంతా ఆవిడ దగ్గరికే తెచ్చేది.

"ఎప్పుడైనా రెండూ కలిపేశారేమో చూసుకోండి అత్తయ్యా" అని ఏడిపించేదాన్ని.

"నీ మొగుడికి ఏది పట్టానో నాకే గుర్తులేదమ్మాయ్. తెల్లారితే చాలు, వాడి కూత విను" అనేవారు.

కోడికి మందు పట్టడం ఆవిడ దగ్గర చూడాలి. చంకలో ఇరికించుకుని, మెడ కింద మేత సంచి తడిమేవారు. ఖాళీగా ఉంటే ఇంత, బక్కదైతే అందులో సగం, నిండుగా ఉంటే అసలు వద్దు. ఆ తర్వాతే గిన్నె ముక్కు దగ్గర పెట్టేవారు. మందులో ఏమేం వేస్తారో మాత్రం చెప్పేవారు కాదు. పైకి చెబితే మందు పని చేయదని ఆవిడకి అప్పగించిన వాళ్ళ అత్తగారు చెప్పారట. పోయే ముందు ఒక్కరికి చెప్పి పోవాలట.

నేను బి.ఎస్సీ. బాటనీ. వంటింట్లో నా కళ్ళముందు ఉడుకుతున్న ఆకుల పేర్లు నాకే చెప్పకపోవడం ఏంటని మండిపోయేది. చెప్పకపోతే చూడలేనా? కందిపప్పు ఏరుతున్నట్టు కూర్చుని ఓరకంట చూశాను. పచ్చి పోకచెక్క, బొప్పాయి గింజలు, వేపాకు, చివర్లో మజ్జిగ తేట. నా పాత రికార్డు పుస్తకం వెనక పేజీలో వాటి లాటిన్ పేర్లతో సహా రాసి పెట్టుకున్నాను. ఆ పేజీ చూసుకుని ఎంత మురిసిపోయానో తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో మాట ఇది. ఆ ఏడు మా పిల్లకోళ్ళకి ఏలికపాములు పట్టాయి. తలలు పాలిపోయి, రొమ్ము ఎముక చేతికి గుచ్చుకునేంత చిక్కిపోయాయి. వెటర్నరీ డాక్టరుగారు చచ్చినదాన్ని ఒకదాన్ని కోసి చూపిస్తే పేగు నిండా సేమ్యా దూర్చినట్టుంది. ఆ తర్వాత చాన్నాళ్ళు మా ఇంట్లో సేమ్యా వండలేదు. ఆయన, షెడ్డు పైపులకి నీళ్ళు వదిలే తొట్టిలో కలిపే మందు ఇచ్చి, "వేసే ముందు రెండు గంటలు నీళ్ళు కట్టేయండి. దాహం మీద బాగా తాగుతాయి" అన్నారు. అలాగే చేశాం, పాములు పడ్డాయి, నెల తిరక్కుండా మళ్ళీ వచ్చాయి. నిపుళ్ళ కింద తడిసిన ఊకలో వాటి గుడ్లు ఉండిపోతాయని, ఊకంతా మార్చమని ఆయన చెప్పారు. ఈ బ్యాచ్ అయ్యాక మారుద్దాంలే అని మా ఆయన వాయిదా వేశారు.

చివరికి మా ఆయన కన్ను వాళ్ళమ్మ కషాయం మీద పడింది.

"అమ్మా, నీ మందేదో తొట్టిలో పోసేద్దాం. అన్నీ ఒకేసారి తాగేస్తాయి."

"తొట్టికి చేతులున్నాయేంట్రా, ఏ కోడి కడుపు ఖాళీగా ఉందో తడుముకోడానికి?"

"రెండు వేల కోళ్ళకీ ఉగ్గుగిన్నెతో పడతావా ఏంటి?"

మూడు రోజులు నానబెట్టి నానబెట్టి ఒప్పుకున్నారు. ఒప్పుకున్నాక మాత్రం ఆవిడ పద్ధతి ఆవిడదే. బియ్యం కడిగిన నీళ్ళంత పల్చగా కాచారు. పాత పంచెను మూడు మడతలు వేసి, చుక్క చుక్కగా దిగేదాకా కూర్చుని వడకట్టారు. తెల్లవారుజామున చల్లని పూట తొట్టిలో పోయించారు. నీళ్ళు కట్టనివ్వలేదు. కోళ్ళు తాగుతున్నంతసేపూ ఆ వరస వెంట తిరుగుతూ, మరీ బక్కవాటిని తీసి పక్క గంపలో వేశారు. మర్నాడు రెట్టలో పాములు పడ్డాయి, ఒక్క కోడి తూలలేదు. మా ఆయన పొంగిపోయారు.

"అప్పుడే సంబరపడకురా. గుడ్లలో ఉన్నవి ఇంకా బయటికి రాలేదు. ఇరవై రోజులాగి ఇంకోసారి పట్టాలి. అప్పటి ఎండ చూసుకుని పడదాం" అన్నారు ఆవిడ.

ఇరవై రోజులు గడిచేసరికి రోహిణి కార్తె వచ్చింది. రోహిణిలో రోళ్ళు పగులుతాయంటారు. కాలువలు కట్టేశారు. గట్టున గడ్డి ముట్టుకుంటే పొడవుతోంది. బోరు నీళ్ళు తొట్టిలో పోసిన గంటకే వేడెక్కిపోతున్నాయి. సరిగ్గా అప్పుడే పిఠాపురంలో ఆవిడ తమ్ముడికి ఒంట్లో బాగాలేదని కబురొస్తే వెళ్ళారు. రెండో రోజు అక్కణ్ణుంచి ఫోను చేశారు. ఫోను ఎత్తింది నేను.

"ఎండ మండిపోతోందమ్మాయ్. నేనొచ్చేదాకా ఆగండి. వాడితో చెప్పు."

"అలాగేనండి అత్తయ్యా" అన్నాను. చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదంటే నా చదువు నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారే, ఆ సామెత నాకోసమే పుట్టినట్టుంది. ఆవిడ వచ్చేసరికి పని అయిపోయి, కోళ్ళు నిక్షేపంగా ఉంటే, "చూశారా అత్తయ్యా, మందు తెలిస్తే చాలు, చెయ్యి ఎవరిదైతేనేం" అని నవ్వుదామనుకున్నాను. బియ్యం కడిగిన నీళ్ళలా ఉంటే పాములు పూర్తిగా ఎందుకు చస్తాయని, పోకచెక్క రెట్టింపు వేశాను. మూడు మడతల్లోంచి దిగడానికి పొద్దెక్కిపోతోందని ఒక్క మడతలో పిండేశాను. డాక్టరుగారు చెప్పింది కూడా గుర్తుంది కనక, ఎనిమిది గంటలకే నీళ్ళు కట్టించాను. ఆయన మాటా మంచిదే, ఈవిడ మందూ మంచిదే. ఆ రెండు మంచీ కలిపింది నేను.

పది గంటలకి బిందెలు షెడ్డు దగ్గరికి మోయించాను. మా ఆయన తొట్టి మూత తీస్తూ అడిగారు.

"అమ్మ చేతిదేనా?"

మందులో ఏముందని అడగలేదు, ఎంత వేశావని అడగలేదు. చెయ్యి ఎవరిదన్నదొక్కటే అడిగారు. నా చేతిదంటే ఆ మూత మళ్ళీ పెట్టేసేవారు.

"ఆవిడే కాచి ఉంచి వెళ్ళారండి" అన్నాను.

నీళ్ళు వదిలారు. రెండు గంటల దాహం మీదున్న పిల్లలు తొట్టి వైపు వరసల మీదకి ఒక్కసారి ఎగబడ్డాయి. ఒకదాని మీద ఒకటి ఎక్కి తాగాయి. టకటక వడగళ్ళవానంత జోరుగా మోగింది. ఎంత బాగా తాగుతున్నాయో అని ఇద్దరం సంతోషంగా చూస్తూ నిలబడ్డాం.

ముందు ఒక కోడి నోట్లోంచి తీగలా చొంగ కారింది. ఎండకేమో అనుకున్నాను. తర్వాత దాని పక్కది రెక్కలు వేలాడేసింది. ఇంకోటి తల విదిలిస్తూ వెనక్కి వెనక్కి నడిచి ఊకలో కూలబడింది. అటు చివర కోళ్ళు నిపుళ్ళను పొడుస్తూనే ఉన్నాయి. కాని వాటి కింద ఊక పొడిగా ఉంది. ఒక్క మడతలోంచి దిగిన మందు నలకలు పైపు మధ్యలో గడ్డకట్టి, సగం షెడ్డుకి చుక్క చేరలేదని మాకు తెలియడానికి చాలాసేపు పట్టింది. ఇటు వైపువి ఎక్కువ తాగి, అటు వైపువి అసలు తాగక, ఆ ఎండలో రెండు వైపులా ఒకేసారి వాలిపోతున్నాయి.

మా ఆయన పైపులు విప్పి నేలకేసి కొట్టారు. ఆకుపచ్చ బురద పడింది. పనివాళ్ళు బకెట్లతో పరిగెత్తారు. నేను కొంగు తడిపి ఒక్కొక్కదాని ముక్కులో పిండాను. ఏది దాహంతో పడిందో, ఏది మందుతో పడిందో నాకు తెలియలేదు. మేత సంచి తడిమి చూశాను. తడిమితే ఏం తెలుస్తుందో నేను నేర్చుకోనేలేదు. మధ్యాహ్నం మూడయ్యేసరికి షెడ్డులో టకటక లేదు. నిలబడ్డ కోళ్ళు కూడా నోళ్ళు తెరుచుకుని ఊరికే నిలబడ్డాయి. సగానికి పైగా పోయాయి. వెనక గొయ్యి తీసి, సున్నం చల్లి, గంపలతో దిమ్మరించారు.

మర్నాడు మధ్యాహ్నం బస్సుకి అత్తయ్య వచ్చారు. గుమ్మంలో చెప్పులు విడవకముందే మా ఆయన అన్నారు.

"నువ్వు కాచిపెట్టి వెళ్ళిన మందు ఏం చేసిందో చూడమ్మా."

ఆవిడ నా వంక చూశారు. నాకప్పుడు నాలుగో నెల. గోడకి ఆనుకుని నిలబడ్డాను. ఆవిడ వంటింట్లోకి వెళ్ళి, కడగని బిందె అడుగున వేలు ముంచి నాలుక మీద పెట్టుకుని, ఉమ్మేసి వచ్చారు. కొడుకు ఎదురుగా నిలబడ్డారు.

"అవున్రా. ఈసారి చెయ్యి బరువైపోయింది" అన్నారు.

అప్పుడు నాకు ముందు కలిగింది సిగ్గు కాదు. హమ్మయ్య అనిపించింది. ఇన్నేళ్ళయినా ఆ హమ్మయ్యనే నేను క్షమించుకోలేను. సాయంత్రం ఆవిడ కంచం నా ముందు పెట్టి, "వట్టిమనిషివి కాదు, తిను" అన్నారు, అంతే. రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూనే రోజులు గడిపాను.

ఊరు మాత్రం ఆగలేదు. సగం కోళ్ళు అన్నది వారం తిరిగేసరికి మొత్తం కోళ్ళయింది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని రేవు దగ్గర నవ్వుకున్నారు. గంపలో కోడిని పెట్టుకుని మా గుమ్మం ఎక్కేవాళ్ళు మా ఇల్లు దాటుకుని డాక్టరుగారి దగ్గరికి పోసాగారు. ఆవిడ సొట్ట ఉగ్గుగిన్నెను అటక మీద పడేశారు. భాద్రపదంలో ఎదురింటి కోడలు ప్రసవించింది. అత్తయ్య తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని, అరుగు మీద కూర్చున్నారు. ఎవరూ పిలవడానికి రాలేదు. దీపాలు పెట్టే వేళకి లేచి లోపలికి వచ్చారు.

కార్తీకంలో రాజమండ్రి ఆసుపత్రిలో నాకు ఆడపిల్ల పుట్టింది. అత్తయ్య మొదటి బస్సుకే వచ్చేశారు. చేతిలో గుడ్డసంచి. అందులోంచి బిడ్డల ఉగ్గుగిన్నె తీశారు. చింతపండుతో తోమి తోమి తెచ్చినట్టున్నారు, తళతళలాడుతోంది. పిల్లని ఎత్తుకున్న మా అమ్మ రెండడుగులు వెనక్కి వేసింది.

"వదినగారూ, ఏమీ అనుకోకండి. తొలిచూలు పిల్ల. నేను పడతాలెండి."

గదిలో మా ఆయన ఉన్నారు, మా అమ్మ ఉంది. ఒక్క మాట చాలు. ఆ మందు నా చేతిదండీ, అంతే. అత్తయ్య గిన్నె పట్టుకుని నా వంకే చూస్తూ నిలబడ్డారు. బతిమాలుతున్నట్టు కాదు, అడుగుతున్నట్టు. నేను గోడవైపు ఒత్తిగిల్లాను.

"మీరే పట్టండి వదినగారూ" అని వెనక వినిపించింది. గిన్నెని గుడ్డలో చుట్టిన చప్పుడు, సంచి ముడి వేసిన చప్పుడు కూడా విన్నాను. మా అమ్మ తేనె నాకించింది. పిల్ల చప్పరించింది.

కాసేపటికి నా మంచం పక్కన గాజుల చప్పుడైంది. అత్తయ్య గ్లాసుతో నీళ్ళు పట్టుకుని నిలబడ్డారు. నా పెదవులు ఎండిపోయి ఉన్నాయి. నేను గ్లాసు వైపూ ఆవిడ వైపూ చూస్తుంటే, ఆవిడ గ్లాసు నా చేతికి అందించకుండా, స్టూలు మీద పెట్టి రెండు చేతులూ కొంగులో చుట్టుకున్నారు.

"నర్సమ్మ పోసిన నీళ్ళేలే అమ్మాయ్. తాగు."