బెడ్డు మీది నీళ్ళు

కరోనా వచ్చేదానికి ముందటేడు ఎండాకాలం. జమ్మలమడుగులో, ఊరు దాటి పొలాలు మొదలయ్యే చోట పద్మావతక్క ఇల్లు. నర్సు పని చేసి రిటైరయ్యిందామె. ఇంటి ఎనక జాగాలో గ్రీన్‌హౌసు ఏపించుకోవాలని శానా ఆశ. గ్రీన్‌హౌసంటే ఇనప పైపులు నిలబెట్టి, పైన ప్లాస్టిక్ పట్టా కప్పి, లోపల చెట్లు పెంచుకునే పందిరి. దాని కింద నేలంతా కాంక్రీటు బెడ్డు ఏసే పని నాకిచ్చింది.

మా ఆయన మేస్త్రి. ఆయన ఉన్నన్నాళ్ళూ నేను సిమెంటు మాలు కలిపి, బొచ్చెల్లో ఎత్తి మోసినా. ఆయన పోయినాక నేనే మేస్త్రిగా పట్టుకున్న మొదటి పని ఇది. ఇది చెడితే నన్ను మళ్ళా ఎవురూ మేస్త్రి అనరు. "బొచ్చె ఎత్తుకో పో" అంటారు.

ఆడ నేల నల్లరేగడి. వానకు ఉబ్బుతాది, ఎండకు నోరు తెరుస్తాది. అందుకే ఆ మన్ను తోడేసి, గట్టి గరుసు మట్టి నింపి, నీళ్ళు కొట్టి దిమ్మిసతో గుద్దినాము. పైన కమ్మీల జాలీ పరిచి కాంక్రీటు పోస్తిమి. పైపులు బిగించే బోల్టులు అది పచ్చిగా ఉన్నప్పుడే నాటినాము. మర్నాడు సుట్టూ బంకమట్టి కట్ట పెట్టి, నడిమధ్య నీళ్ళు నిలబెట్టినా. దీన్ని క్యూరింగంటారు. పసిబిడ్డకు పాలెట్లనో కొత్త కాంక్రీటుకు నీళ్ళట్ల.

పొద్దున నీళ్ళు పెట్టి నేను ఇంకో పనికి పోతాంటి. సాయంత్రం వచ్చి సూస్తే సుక్క లేదు. కట్ట యాడా తెగలా. ఎండకు ఇగిరిందేమో అనుకోని మళ్ళా నింపినా. మర్నాడూ అంతే. బెడ్డంతా చేత్తో తడిమినా. ఎంటికంత పగులు గూడా దొరకలా. దొరక్కపోయేసరికి ఇంకా భయమాయె. లోపల యాడన్నా చీలిందేమోనని.

మా ఆయనతో కలిసి పనిచేసిన నరసింహులు మేస్త్రి ఆ దావన పోతా ఆగినాడు.

"వదినా, రేగడినేల మొగోళ్ళ మాటే వినదు, నీ మాట వింటాదా? అడుగున చీలింటాది. పగలగొట్టి మళ్ళా పోయాల్సిందే."

"నీ మాట వినలేదని నేలకు చెవుడనుకోవాకు మరిదీ" అంటి. నోరు అట్ల అనింది గానీ, చెయ్యి మళ్ళా బెడ్డునే తడుముతాంది.

పద్మావతక్క మొగం చిన్నబోయింది. "నీ మీద నమ్మకం లేక కాదు ఓబులమ్మా. పైపులు బిగిచ్చినాక కుంగితే ఏం చేద్దుము? రేపు మధ్యాన్నం నరసింహులును వచ్చి పగలగొట్టమంటా" అనె.

సరే అని బయటికి పోతా పోతా రోజా కుండీల తట్టు సూసినా. మట్టి మీద నల్లగా, గుండ్రంగా, తాజా గొర్రె పిక్కలు.

"అక్కా, నీకు గొర్రెలు యాడియి?"

"నాకు యాడియి? దీపం పెట్టే ముందు కసువు ఊడుస్తానా, దినామూ బెడ్డు సుట్టూ ఇయ్యే. మంచి ఎరువు గదా, పారేసేదెందుకని కుండీల్లో ఏస్తాండా."

"మధ్యాన్నం యాడుంటావు నువ్వు?"

"కూలరేసుకోని పండుకుంటా. ఆ ఎండలో ఇంకేం చేసేది?"

నాకు నవ్వాలో ఏడవాలో తెలీలా. నేనొచ్చేలోపలే సాచ్చికమంతా చీపురుతో ఊడ్సి కుండీల్లో దాచిపెట్టింది మహాతల్లి!

మర్నాడు పొద్దున మళ్ళా నీళ్ళు నింపినా. మధ్యాన్నం కూలరు ఆపించి, ఇద్దరమూ కిటికీ కాడ కూచుంటిమి. ఎనక తట్టు ప్రహరీ గోడ ఇంకా కట్టలా. పొలంలోంచి ఒక గొర్రె వచ్చె. దాని ఎనక మంద మందే వచ్చె. పెండ్లి బంతిలో కూచున్నట్టు బెడ్డు సుట్టూ వరసగా నిలబడి, కట్ట మీదుగా మెడలు సాచి జుర్రుతాండాయి. ఎనకాల ముసలాయన, భుజాన కంబళి.

ఉరికి పోయి అరిస్తి. "ఓ మామా! నీ గొర్రెలు నా బెడ్డు తాగేస్తాండాయి!"

"బెడ్డు యాడ తాగుతాయి తల్లీ, నీళ్ళే గదా తాగేది" అనె నింపాదిగా. "వంకల్లో వాగుల్లో సుక్క లేదని ఎవురో పుణ్యాత్మురాలు పెట్టిందనుకుంటి. గొర్రెపిల్లలకు గూడా అందేటట్టు కట్ట పొట్టిగా కట్టినారే అని, దినామూ ఈ ఇంటికి దండం పెట్టుకోని పోతాండా."

పద్మావతక్క గోడకానుకోని ఒకటే నవ్వు. అంతలోకే నరసింహులు సుత్తె భుజానేసుకోని దిగినాడు.

"రా మరిదీ, యాడ పగలగొడతావు? గొర్రెల కడుపా?"

మందను సూసినాడు, నన్ను సూసినాడు, సుత్తె కిందపెట్టినాడు. "ఇంతమంది సాచ్చికానికొస్తే నేనేం చేసేది వదినా" అనె.

సిమెంటు నీళ్ళు మూగజీవాలకు మంచివి గావు. బట్టలు నానేసే పాత రాతి తొట్టి ఉంటే, నరసింహులూ నేనూ పొలం గట్టు కాడికి జరిపి మంచినీళ్ళు పోస్తిమి. మందంతా అట్ల మళ్ళుకునె. బెడ్డు మళ్ళా నింపి, నేను ఆడ్నే కూచుంటి. పొద్దు వాలినా నీళ్ళు కదల్లా. ఎర్రటి ఆకాశమంతా దాంట్లో కనపడె. అప్పుడు తిన్నా అన్నం.

పంటలు కోసినాక ముసలాయన ఆ జాగాలో ఒక రాత్రి మంద ఆపినాడు. ఆ ఎరువుకు గ్రీన్‌హౌసులో నారు గుబురెక్కింది. తర్వాత ఎన్ని వానలు పడినా బెడ్డు చీలలా. నరసింహులు ఇప్పుడు నన్ను "మేస్త్రొదినా" అని పిలుస్తాడు, నలుగురిలో గూడా.

ఈ పొద్దుకీ యాడ క్యూరింగు పెట్టినా, ముందు పక్కన ఒక తొట్టి నింపుతా. నీళ్ళు పోయినాయంటే యాడ కారినాయని సుత్తె ఎత్తే ముందు, ఎవురికి దప్పికైందో సూడాల.